తిరువూరు మెట్టసేద్యంలో చిన్న ఇంజన్లు: సరైన విడిభాగం – కొలత, పదజాలం, చరిత్ర

వ్యాససంగ్రహం

మెట్టసేద్యంలోకి ఆయిల్ ఇంజను వచ్చిన తరువాత నీటి సమస్యకు విడిభాగాల సమస్య తోడైంది. తడి పెట్టవలసిన రోజున ఇంజను ఆగితే, దానికి సరిపోయే భాగం దొరకడం మీదనే పైరు ఆధారపడేది. ఆ సరిపోలికను తేల్చేది కంపెనీ పేరు కాదని, కొలత అని, ఆ కొలతల జ్ఞానం మెకానిక్కుల తెలుగు మాటల్లో నిలిచి ఉందని తిరువూరు ప్రాంత నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తిరువూరు, మెట్టసేద్యం, ఆయిల్ ఇంజను, విడిభాగం, నూలు, సైజు, వృత్తిపదజాలం.

1. ప్రాంత నేపథ్యం

తిరువూరు పూర్వపు కృష్ణాజిల్లాలో ఖమ్మం సరిహద్దున ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఇది భాగమైంది. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టా భూములకు పల్లానికి పారే నీటిని ఇచ్చింది. మెట్టప్రాంతమైన తిరువూరుకు ఆ సౌకర్యం అందలేదు. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువకు కూడా ఇవి చివరి భూములే. మామిడి, పత్తి, మిరప పండే ఈ నేలలో బావి నుంచో వాగు నుంచో నీటిని ఎత్తి పోసుకోవడం తప్పనిసరి. అందువల్ల ఇక్కడ ఇంజను చరిత్ర సేద్యచరిత్రలో విడదీయరాని భాగం.

2. ఇంజను రాక

మద్రాసు రాజధానిలో ఆయిల్ ఇంజనుతో నీరు తోడే ప్రయోగాలను 20వ శతాబ్ది తొలి దశకంలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రోత్సహించాడు. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తయారీ ప్రారంభించిన నిదానపు డీజిల్ ఇంజను భారతదేశంలో విశేషంగా వ్యాపించింది. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ ఏర్పడింది. కాలక్రమంలో రాజ్‌కోట్‌లోని చిన్న కర్మాగారాలు లిస్టర్ నమూనాకు నకళ్లు తయారు చేశాయి.

ఈ నకళ్ల పాత్రను నాణ్యత దృష్టితో మాత్రమే అంచనా వేయడం సరికాదు. మూలనమూనా కొలతలను అనుసరించడం వల్ల ఒకరి ఇంజనుకు మరొకరు చేసిన భాగం అమర్చే వీలు కలిగింది. 114.3 మిల్లీమీటర్ల సిలిండరు వ్యాసం, 139.7 మిల్లీమీటర్ల స్ట్రోకు అనే కొలతలు క్రమంగా ఒక కంపెనీ సొత్తుగా కాక అంగడి ప్రమాణంగా మారాయి. అయితే నకళ్లలో సూక్ష్మమైన తేడాలు మిగిలే ఉండేవి. అందుచేత కొత్త భాగాన్ని బిగించే ముందు కొలిచి చూడడం, అవసరమైతే లేతు మీద సరిచేయడం మరమ్మతులో భాగమయ్యాయి.

3. రెండు కొలమానాల మధ్య

లిస్టర్ ఇంజను కొలతలు అంగుళాలవి. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల ప్రమాణం బ్రిటిష్ యంత్రాలన్నిటా ప్రబలింది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ విధానం వైపు మళ్లింది. ఫలితంగా ఒకే షెడ్డులో రెండు జాతుల బోల్టులు చేరాయి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, మరకోణం 55 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల సాధారణ మెట్రిక్ బోల్టులో మరకూ మరకూ మధ్య దూరం 1.75 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని నట్టును మరొకదానికి బలవంతంగా ఎక్కిస్తే మరలు చెడిపోతాయి.

ఈ సందర్భంలో ‘నూలు’ అనే మాట గమనించదగినది. వడ్రంగి, కమ్మరి పనుల్లో అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. హిందీలో ఇదే కొలతకు వాడే ‘సూత్’ అనే మాటకూ దారమనే అర్థం. నాలుగు నూళ్ల బోల్టు అంటే అర అంగుళం బోల్టు. చట్టం మారినా మాట మారలేదు. అంగుళపు బోల్టును మెట్రిక్ బోల్టు నుంచి వేరుచేసి అడగడానికి ఆ పాత మాట ఇప్పటికీ పనికొస్తుంది.

4. మరమ్మతైన ఇంజను

సరైన భాగం ఏదన్న ప్రశ్న మరమ్మతు జరిగిన కొద్దీ జటిలమవుతుంది. సిలిండరు అరిగినప్పుడు బోరు చేయించి, పెరిగిన వ్యాసానికి తగిన పిస్టను, రింగులు వేస్తారు. 80 మిల్లీమీటర్ల సిలిండరును 80.50కి బోరు చేస్తే కంపెనీ కేటలాగులోని మొదటి సంఖ్య ఆ ఇంజనుకు వర్తించదు. మెకానిక్కు దాన్ని ‘ఇరవై సైజు’ అంటాడు. అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు, పెరిగినదని దాని అర్థం. ‘నలభై సైజు’ అంటే దానికి రెట్టింపు. డీజిల్ ఇంజనులో గాలి నొక్కుడు వల్ల పుట్టే వేడితోనే ఇంధనం మండుతుంది. రింగు వదులైతే ఆ నొక్కుడు నిలవదు, హ్యాండిలు ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. నాజిల్ విషయంలోనూ ఇంతే. పైకి ఒకేలా ఉన్నా, దానిమీద చెక్కిన సంఖ్య వేరైతే ఇంధనం చిమ్మే తీరు మారుతుంది.

కాబట్టి సరైన భాగాన్ని నిర్ణయించేది ఇంజను పుట్టుక ఒక్కటే కాదు, దాని మరమ్మతు చరిత్ర కూడా. ఆ చరిత్ర చాలాసార్లు ఏ కాగితం మీదా ఉండదు. అది మెకానిక్కు జ్ఞాపకంలోను, అరిగిన పాత భాగంలోను ఉంటుంది. తిరువూరులో దొరకని సామానుకు విజయవాడ ఆటోనగర్ పెద్ద ఆధారం. అక్కడికి వెళ్లేవారు పాత భాగాన్ని ‘శాంపిల్’గా వెంట తీసుకుపోవడంలోని అంతరార్థం ఇదే. ఆ అరిగిన ముక్కే వ్రాతలేని దస్తావేజు. అంగట్లో వినిపించే ‘కంపెనీ సామాను’, ‘లోకల్’, ‘డూప్లికేట్’ అనే విభజన తయారీదారుని గురించి చెబుతుంది. ‘ఇరవై సైజు’ అనే మాట ఆ ఇంజను గురించి చెబుతుంది. మొదటిది తప్పితే భాగం త్వరగా అరగవచ్చు, రెండవది తప్పితే ఇంజనే నడవదు.

5. మార్పు – పదకోశ సమస్య

గ్రామాలకు విద్యుత్తు చేరడం, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించడం వల్ల ఆయిల్ ఇంజను ప్రాముఖ్యం తగ్గి మోటారు ముందుకు వచ్చింది. చిన్న ఇంజను మాత్రం సేద్యం నుంచి తొలగలేదు. పవర్ స్ప్రేయరు, గడ్డికోత యంత్రాల రూపంలో మళ్లీ రైతు భుజం మీదికి చేరింది. ఇవి రకరకాల తయారీలవి. ఒకే పోలికగల రెండు కార్బురేటర్లలో బోల్టు రంధ్రాల మధ్య దూరం వేరు కావచ్చు. లిస్టర్ నకళ్ల వలె అంగడికి ఒక ఉమ్మడి కొలత ఇక్కడ ఇంకా స్థిరపడలేదు. అందువల్ల చిన్న భాగం దొరకక మొత్తం యంత్రాన్ని మూలన పడేసే పరిస్థితి ఏర్పడుతుంది. ఆ నష్టం చిన్న కమతం రైతుకు భారమైనది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో, 1962లో వ్యవసాయ పదాలతో వెలువడింది. 1971 నాటి రెండవ సంపుటం చేనేతకు సంబంధించినది. నాగలి, మగ్గం పదాలకు లభించిన ఆ శ్రద్ధ ఇంజను షెడ్డు పదాలకు కూడా లభించవలసి ఉంది. ఆంగ్లమూలాలవన్న కారణంతో వాటిని పక్కన పెట్టడం శాస్త్రీయం కాదు. ‘సైజు’ ఆంగ్లపదమే అయినా ‘ఇరవై సైజు’ తెలుగు మెకానిక్కు నోట పారిభాషిక పదమైంది.

6. ఉపసంహారం

తిరువూరు మెట్టసేద్యంలో సరైన విడిభాగం కోసం సాగిన వెతుకులాట మూడు అంశాలను స్పష్టం చేస్తున్నది. నకళ్లు వ్యాపించడం వల్ల భాగాలకు ఉమ్మడి కొలత ఏర్పడింది. రెండు కొలమానాల ఘర్షణ పాత మాటలను బతికించింది. ప్రతి మరమ్మతూ ఇంజనుకు ఒక కొత్త కొలతను ఇచ్చింది. ఈ జ్ఞానానికి ఆకరాలు వృద్ధ మెకానిక్కులు. వారి షెడ్లు మూతబడక ముందే ఆ పదాలను కొలతలతో, వాడుక సందర్భాలతో సహా సేకరించడం తెలుగు పరిశోధన చేపట్టవలసిన పని. ఆ పదకోశం భాషాచరిత్రకు ఎంత ఉపకరిస్తుందో, ఆగిపోయిన ఇంజను ముందు నిలబడిన రైతుకూ అంతే ఉపకరిస్తుంది.