పిష్టపశువు నుండి పనసపొట్టు వరకు

మాంసము కాక, మాంసమును పోలి ఉండు ఆహారము ఆధునిక వర్తకుల కల్పన యని నేడు పలువురి అభిప్రాయము. లేత పనసకాయను ముక్కలు చేసి డబ్బాలలో నింపి విదేశములకు పంపుట, అచ్చట దానిని పీచులుగా విడదీసి పంది మాంసమునకు బదులుగా రొట్టెల నడుమ పెట్టి వడ్డించుట, గత దశాబ్దకాలమున ప్రబలిన మాట సత్యమే. ఆ వార్త చిక్కడపల్లిలోనో అశోక్‌నగర్‌లోనో నివసించు ఒక వృద్ధ గృహిణి చెవిని పడినచో ఆమెకు కలుగునది ఆశ్చర్యము కాదు, చిరునవ్వు. ఆమె పుట్టినింట పనసపొట్టు ప్రతి వేసవిలోను వండిన కూర. అయితే ఆ వార్త వెనుక ఒక ధర్మసందేహమున్నది. హింస లేని పదార్థమును హింసారూపమున భుజించుట అహింస యగునా? ఈ ప్రశ్న డబ్బాల వ్యాపారముకంటె కనీసము రెండువేల ఏండ్లు పాతది. దానిపై వెలువడిన గ్రంథములలో అతి తీవ్రమైనదానికి తెలంగాణ నేలతోనే సంబంధము కలదు.

మనుస్మృతి పంచమాధ్యాయము భక్ష్యాభక్ష్య విచారమునకు ప్రసిద్ధము. యజ్ఞమున మాంసమును అనుమతించిన వచనములును, మాంసత్యాగము మహాఫలమని చెప్పు వచనములును అందు పక్కపక్కనే కనబడును. వాని నడుమ ముప్పది ఏడవ శ్లోకమున స్మృతికారుడు ఒక విచిత్రమైన మధ్యమార్గమును చూపెను. మాంసముపై సంగము వదలనివాడు నేతితోనో పిండితోనో పశువును చేసికొనవలెను గాని, వృథాగా ప్రాణిని వధింప తలపరాదని దాని తాత్పర్యము. ఘృతపశువు, పిష్టపశువు అను మాటలు అచ్చటివే. ఇది కోరికను నిషేధించు వాక్యము కాదు. కోరిక ఉన్నదని ఒప్పుకొని, దానికి ప్రాణహాని లేని దారిని చూపు వాక్యము. నేటి శాకమాంస వర్తకుడు చెప్పు మాటయు ఇంచుమించు ఇదియే.

మహాభారతము అనుశాసన పర్వమున భీష్ముడు ఇంతకంటె నిర్మొగమాటముగ మాటలాడెను. రుచియందు మాంసమును మించినది లోకమున లేదని ఆయన ముందుగ అంగీకరించును. కృశించినవారికి అది బలకరమనియు చెప్పును. అంత చెప్పి, పిమ్మట దానిని విడుచుటయే పరమధర్మమని ధర్మరాజునకు బోధించును. రుచి లేదని నమ్మించి మాన్పించు బోధకులు చాలమంది కలరు. రుచి ఉన్నదని చెప్పి మానుమనుటలో బోధకుని నిజాయితీ తెలియుచున్నది.

శాంతిపర్వములోని నారాయణీయోపాఖ్యానమున వచ్చు ఉపరిచర వసువు కథ యజ్ఞవేదికకే సంబంధించినది. ‘అజ’ శబ్దమునకు అర్థమేమి యని ఋషులకు దేవతలకు వివాదము పుట్టెను. బీజములని ఋషులు, మేక యని దేవతలు. తీర్పు చెప్పుటకు నియుక్తుడైన వసువు దేవతల పక్షము వహించి మేక యనెను. ఆ క్షణముననే ఆకాశమార్గము నుండి పతనమై భూవివరమున పడెను. ధాన్యము చాలునన్న పక్షము ఇతిహాసకాలము నాటికే బలపడి యుండెనని దీనివలన తెలియుచున్నది. పదమూడవ శతాబ్దమున మధ్వాచార్యుల సంప్రదాయము పిష్టపశువుతో యజ్ఞము నిర్వర్తించు ఆచారమును స్వీకరించుటకు వెనుక ఇంత పూర్వరంగము కలదు.

ఇంతవరకు పిండిపశువు పరిష్కారముగనే కనబడినది. దానిని అపరాధముగ నిలువదీసినవాడు జైనాచార్యుడైన సోమదేవ సూరి. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునకు సామంతులై వేములవాడ రాజధానిగ పాలించిన చాళుక్యుల ఆశ్రయమున ఆయన యశస్తిలక చంపువును రచించెను. గ్రంథసమాప్తి కాలము శకవర్షము 881, అనగా క్రీ.శ. 959. క్రీ.శ. 966 నాటి పర్భణి తామ్రశాసనము వేములవాడలోని జినాలయ నిమిత్తము సోమదేవునకు గ్రామదానము జరిగినట్లు చెప్పుచున్నది. కన్నడ ఆదికవి పంపడు ఆశ్రయించినదియు ఈ వంశమునే. వేములవాడ యనగానే నేడు రాజరాజేశ్వరుని కోడెమొక్కులు స్ఫురించును గాని, పదవ శతాబ్దమున ఆ ఊరు శైవ జైన విద్వాంసుల ఉమ్మడి కేంద్రము.

యశస్తిలకమున కథ ఇది. ఉజ్జయిని రాజైన యశోధరుడు దుఃస్వప్నము కన్నట్లు తల్లితో చెప్పును. తల్లి చంద్రమతి శాంతికై దేవికి జంతుబలి ఈయుమనును. కుమారుడు హింసకు ఒల్లడు. తల్లి పట్టు విడువదు. తుదకు ఇరువురును పిండితో చేసిన కోడిని బలి యిచ్చుటకు ఒడంబడిరి. రాజు ఖడ్గముతో దాని మెడను నరికెను. ఆ పిండినే మాంసమని భావించి భుజించిరి. అనంతరము రాణి పెట్టిన విషాన్నమున తల్లీకొడుకులు మరణించి, నెమలిగా, కుక్కగా, ఇంక అనేక తిర్యగ్జన్మలలో హింసలు పడిరి. చివరకు నిజమైన కోళ్లుగా పుట్టి, ధర్మశ్రవణము చేసిన పిమ్మటనే మానవజన్మ పొందిరి. పిండికోడికి ప్రాణము లేదు. అయినను నరికినవాని మనస్సులో నరకుట పూర్ణముగ జరిగినది. సంకల్పహింసకు ఫలము కలదని సోమదేవుని సిద్ధాంతము.

మనువు ఇచ్చిన వెసులుబాటును సోమదేవుడు ఈ విధముగ మూసివేసెను. ఇరువురిలో ఎవరు సరి యను తీర్పు అంత సులభము కాదు. యశోధరుని అపరాధము పిండిని తినుటలో లేదు. వధను అభినయించుటలో కలదు. ఖడ్గము, బలిపీఠము, కోడి ఆకారము, ఇది మాంసమే యను భావన, ఈ నాలుగును లేకున్నచో మిగులునది రొట్టె మాత్రమే. కావున ఒక పదార్థము మాంసమునకు ‘బదులు’ అగుట ఎప్పుడు, కేవలము ఆహారమగుట ఎప్పుడు అని విచారింపవలెను. ఆ విచారమునకు పనసకంటె తగిన ఉదాహరణము తెలుగువారికి లేదు.

పనస పురాతన వృక్షము. శ్రీమద్రామాయణ అరణ్యకాండమున పంచవటి వర్ణనలో దాని పేరు కలదు. వానరవీరులలో ఒకని పేరును పనసుడే. పోర్చుగీసువారు మలయాళుల ‘చక్క’ శబ్దమును విని ‘జాకా’ యనిరి. గోవాలో నివసించిన వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. ఆంగ్లేయుల ‘జాక్‌ఫ్రూట్’ అచ్చటినుండి పుట్టినదే. తులసీదాసు రామచరితమానసము లంకాకాండమున శ్రీరాముడు రావణునితో మనుష్యులు మూడు తెరగులని చెప్పును. పూయుట మాత్రమే తెలిసిన పాటలము, పూచి కాచు మామిడి, పూత కనబడకయే కాచు పనస. మాటలాడువాడు, మాటలాడి చేయువాడు, చేయుట మాత్రమే ఎరిగినవాడు అని వరుస అన్వయము. శాస్త్రదృష్టిలో పనసకును పూత కలదు. ఒక కాయ యనునది వందలకొలది పుష్పములు ఒక్కటిగ ఘనీభవించిన సమూహము. తొనల నడుమ కనబడు పీచు ఫలింపని పుష్పముల శేషము. లేతకాయలో తీపి పుట్టక, ఆ పీచు మృదువుగ ఉండి, ఉడికినప్పుడు పొరలు పొరలుగ విడివడి, వేసిన రసమునెల్ల పీల్చుకొనును. మాంసమును పోలుటకు కారణమంతయు ఈ నిర్మాణమే.

పోలిక నోటివరకే సత్యము. నూరు గ్రాముల పనసలో మాంసకృత్తులు రెండు గ్రాములకు మించవు. అంతే తూకము కోడిమాంసములో దానికి పదిరెట్లకు పైగా ఉండును. గింజలలో కొంత మెరుగు. పప్పు లేక పనసతోనే భోజనము ముగించి బలము వచ్చునని తలచుట భ్రమ. పదునారవ శతాబ్దపు భావప్రకాశమున భావమిశ్రుడు పచ్చి పనసను గురువు, వాతకరము, విష్టంభి యని పేర్కొని, మందాగ్ని కలవారు పనసను వర్జింపవలెననెను. తెలుగింటి పోపులో ఇంగువ, ఆవాలు, ఎండుమిరప పుష్కలముగ పడుటకు రుచియొక్కటే హేతువు కాకపోవచ్చును.

శ్రాద్ధవిధిలో పనసకు గల స్థానము విశేషము. మనుస్మృతి తృతీయాధ్యాయము పితృదేవతల తృప్తికి ఏ మాంసము ఎంతకాలము చాలునో లెక్కించి చెప్పినది. కాలక్రమమున ధర్మశాస్త్ర నిబంధకారులు శ్రాద్ధమున మాంసమిచ్చుటను కలివర్జ్యములలో చేర్చిరి. ఆ విస్తరిలో ఖాళీ పడిన చోటును ఏమి నింపెను? దక్షిణదేశమున వాడుకలోనున్న ఒక కథ దీనికి సమాధానమువలె తోచును. వసిష్ఠుడు శ్రాద్ధభోక్తగ రమ్మని పిలువగా, విశ్వామిత్రుడు వేయిన్ని ఎనిమిది శాకములు కావలెననెను. అరుంధతి కాకరతో, నల్లేరుతో, పనసతో, మరి ఎనిమిది కూరలతో వడ్డించెను. కాకర నూరింటికి, నల్లేరు మూడువందలకు, పనస ఆరువందలకు సమానమని శాస్త్రమట. విశ్వామిత్రుడు మారుమాటలాడలేకపోయెను. సర్వశాకములలోను పనసకే అగ్రాసనము. ఇది మాంసస్థానమున నిలిచినదని ఏ స్మృతియు చెప్పలేదు. కాని గౌరవపు లెక్క మాత్రము అట్లే కనబడును. కన్నడదేశమున పదునారవ శతాబ్దారంభమున మూడవ మంగరసు రచించిన సూపశాస్త్రము అరటి పనసల పాకములకు ప్రత్యేక ప్రకరణమును కేటాయించినది. వంగదేశీయులు లేతపనసను ‘చెట్టుమేక’ యని పరిహాసముగ పిలుతురు. తెలుగువారు అట్టి పేరు పెట్టలేదు. ‘పొట్టు’ అనిరి. మాంసము స్ఫురించు అవకాశమే లేని మాట అది.

వండు విధానమును చూచినను అంతే. కత్తిపీటకు, చేతులకు నూనె రాచుకొని, పాలు కారు కాయ చెక్కు తీసి, సన్నగ పొట్టుగ కొట్టుదురు. ముక్కలుగ కోసినచో మాంసపు పోలిక నిలుచును. పొట్టుగ కొట్టినచో ఆ పోలిక కత్తిపీట యొద్దనే నశించును. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుసు పట్టించి, సెనగపప్పు మినపప్పు జీడిపప్పులతో ఘుమఘుమలాడు పోపు పెట్టుదురు. పొయ్యి దింపి చల్లారిన పిమ్మట పచ్చి ఆవముద్ద కలుపుదురు. వేడిమీద కలిపినచో ఆవ చేదెక్కును. ఉల్లి వెల్లుల్లి ప్రసక్తి లేదు. గోదావరి మండలముల పెండ్లిపంక్తులలో ఈ కూర లేనిదే విందు విందు కాదనెడివారు. కోనసీమలో ఆ చెట్టు ఆకులతోనే బుట్టలు కుట్టి, అందు పిండి పోసి పొట్టిక్కలు ఉడికింతురు.

ఈ వంట హైదరాబాదునకు చేరిన చరిత్ర ఆధునికమైనది. తెలంగాణ పీఠభూమి పొడినేల పనసకు అనుకూలము కాదు. ఆ చెట్టు తీరమునకు, తూర్పు కనుమలకు చెందినది. 1956 నవంబరు 1న రాష్ట్రావతరణము జరిగి, కర్నూలు నుండి రాజధాని తరలివచ్చిన పిమ్మట, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు కుటుంబములతో గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతములలో స్థిరపడిరి. 1966లో త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో ఏర్పడుటయు ఆ జనప్రవాహమునకు సంబంధించినదే. సంగీతముతో పాటు కత్తిపీటలును రైలెక్కి వచ్చినవి. వేసవి వచ్చినంతనే ఇచ్చటి కూరగాయల అంగళ్లలో కొట్టి సిద్ధముగ నుంచిన పనసపొట్టు అమ్మకమునకు వచ్చును. పొట్టు కొట్టు ఓపిక లేని ఇండ్లకు అది వరము. ఉద్దానపు తోటల నుండి, గోదావరి లంకల నుండి కాయ రావలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడితోటలతో పాటు పనసచెట్లను కూల్చినప్పుడు ఒక తరము పెంచిన వృక్షసంపద ఒక్క రాత్రిలో పోయినది. కొబ్బరి నష్టమును అందరు లెక్కించిరి. పనసను తలచినవారు తక్కువ.

ఇదే నగరమున వేరొక పనస వంటకమును వ్యాపించినది. హైదరాబాదు బిర్యానికి ప్రసిద్ధము. శాకాహారుల శుభకార్యములలోను ఆ పేరు వడ్డనపట్టికలో ఉండవలెనను కోరిక పుట్టగా, పెద్దముక్కలుగ కోసిన పనస ఆ చోటికి వచ్చినది. అల్లము వెల్లుల్లి, గరం మసాలా, పుదీనా, వేయించిన ఉల్లి అన్నియు చేరినవి. తినువారు ‘అచ్చము మాంసమువలెనే ఉన్నది’ అని మెచ్చుకొందురు. మాంసాహారము కులాచారముగ గల గృహములలో, కార్తికమాసమునను శనివారములందును, వండు పనసకాయ మసాలాకూర వేరు. ఆ ఇండ్లలో అది ఒక రోజు నియమమునకు తోడ్పడు వంట. దానిని వంకబెట్టుటకు శాస్త్రమున ఆధారమేదియు లేదు, మనువు చూపిన దారియే అది. సోమదేవుని ప్రశ్న తగులునది, ఎన్నడును మాంసమెరుగని నాలుకకు మాంసపు పోలికను ప్రశంసగ నేర్పుచోట. రుచిని ఎరిగి విడుచువానికి పోలిక ఒక మెట్టు. ఎరుగనివానికి అదే పోలిక ఆహ్వానముగ మారవచ్చును. అట్లని పంక్తిలో కూర్చున్నవాని సంకల్పమును విస్తరిని చూచి నిర్ణయించుట ఎవరి తరము?

గాంధీనగర్‌లోని ఒకే వంటబృందము శుభకార్యమునకు పనసకాయ బిర్యానియు, ఆబ్దికమునకు ఆవపెట్టిన పనసపొట్టును వండుట నేడు వింత కాదు. కాయ ఒకే అంగడిది కావచ్చును. ఆబ్దికము నాడు వంటవాడు మసాలాడబ్బాను పక్కకు తొలగించి, మడి కట్టుకొని, పొట్టు పిండిన నీటిని పారబోసి, ఆవ నూరుటకు కూర్చుండును.