జేబులోని చిత్రం టెలివిజన్ తెరకెక్కిన విధం

అరచేతిలో ఇమిడే యంత్రంలో పాటలతోబాటు చలనచిత్రాలను కూడ దాచుకొనే సౌకర్యం 21వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జనసామాన్యానికి అందినది. 2005 అక్టోబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన అయిదవ తరం ఐపాడ్ అట్టివానిలో ప్రసిద్ధమైనది. దాని తెర రెండున్నర అంగుళాలు. ఒక్కరు చూడవచ్చును గాని ఇంటిల్లిపాదీ చూడడానికి అది చాలదు. ఇంట్లో పెద్ద తెర గల టెలివిజన్ ఉండనే ఉన్నది. రెంటినీ కలపడానికి కావలసినది ఒక తీగ. చూపునకు అతి స్వల్పమైన ఈ తీగలో నూట పాతికేళ్ళకు పైబడిన చరిత్ర ఇమిడి ఉన్నది.

టెలిఫోను కేంద్రం నుండి

1878లో అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో వాణిజ్య టెలిఫోను ఎక్స్చేంజి ప్రారంభమైనది. ఆ తరువాత వెలసిన కేంద్రాలలో ఒకరి తీగను మరొకరి తీగతో కలపడానికి పావు అంగుళం లావుగల ప్లగ్గును సాకెట్టులో గ్రుచ్చేవారు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో అది 3.5 మిల్లీమీటర్లకు సన్నబడినది. 1979లో సోనీ సంస్థ వాక్‌మన్‌ను తెచ్చిన తరువాత ఈ సన్నని ప్లగ్గు లోకమంతటా వ్యాపించినది. దానిపై మూడు లోహభాగాలుంటాయి. మొన ఎడమ చెవికి, మధ్య ఉంగరం కుడి చెవికి, మొదలు రెంటికీ ఉమ్మడి తిరుగుదారిగా పనిచేస్తాయి.

తీగ రెండవ కొనకు ఉండే ప్లగ్గులు వేరొక వంశానికి చెందినవి. రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా 1930వ దశకంలో గ్రామఫోనును రేడియోతో కలపడానికి వీనిని రూపొందించినది. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతోనే నేటికీ ఇవి ఆర్.సి.ఎ. ప్లగ్గులుగా వాడుకలో ఉన్నవి. పసుపు చిత్రానికి, ఎరుపు కుడి ధ్వనికి, తెలుపు ఎడమ ధ్వనికి గుర్తులు.

ఒకే తీగలో సర్వం

చిత్రానికి ఒక్క పసుపు ప్లగ్గు ఎట్లు చాలును? దీనికి సమాధానం 1953లో ఉన్నది. ఆ సంవత్సరం అమెరికా ఎన్.టి.ఎస్.సి. అనే రంగుల టెలివిజన్ పద్ధతిని ఆమోదించినది. అప్పటికే ఇండ్లలో ఉన్న నలుపు తెలుపు సెట్లు నిరుపయోగం కారాదని నిపుణుల పట్టుదల. కావున వెలుగునీడల సంకేతాన్ని యథాతథంగా ఉంచి, సెకనుకు సుమారు 35.8 లక్షల సార్లు కంపించే మరొక తరంగంపై రంగులనెక్కించి, దానిలోనే కలిపివేసినారు. ప్రతి గీత ఎక్కడ ఆరంభం కావలెనో తెలిపే గుర్తులు కూడ అందులోనే ఉంటాయి. ఈ మిశ్రమ సంకేతమే పసుపు ప్లగ్గులో ప్రవహించేది.

జర్మనీ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ 1963లో ప్రకటించిన పాల్ పద్ధతి వేరు. అందులో 525 గీతలకు బదులు 625 గీతలు; రంగుల తరంగం 44.3 లక్షల సార్లు కంపిస్తుంది. 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు భారతదేశం పాల్ పద్ధతినే గ్రహించినది. అందువలన ఐపాడ్‌ను మన టెలివిజన్‌కు తగిలించేవారు దాని పట్టికలో పాల్ అనే పదాన్ని ఎన్నుకొనవలసి ఉండెను. లేనిచో పాల్ మాత్రమే తెలిసిన సెట్టులో బొమ్మ జారిపోవడమో, రంగు మాయమగుటయో జరిగెడిది.

నాలుగవ భాగం

రెండు ధ్వనులు, ఒక చిత్రం, ఒక తిరుగుదారి—మొత్తం నాలుగు. కాబట్టి 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గుపై నాలుగవ లోహభాగం అవసరమైనది. అయితే ఏ భాగం దేనికన్న విషయంలో తయారీదారులందరూ ఒకే మాటపై నిలువలేదు. సాధారణమైన చెవి ఫోను కూడ అదే రంధ్రంలో పనిచేయవలెను గనుక ఐపాడ్‌లో మొదటి రెండు భాగాలు ధ్వనికే ఉండిపోయినవి. వీడియో కెమేరాల తీగలలో వరుస వేరు.

కెమేరా తీగను ఐపాడ్‌కు తగిలించి, రంగుకు రంగు జతచేసినవారికి బొమ్మ కనబడలేదు సరికదా, బుర్రుమనే రొద వినబడినది. చిత్రసంకేతం ధ్వనిమార్గంలో ప్రవేశించినదన్నమాట. తెరపై బొమ్మ సెకనుకు 50 సార్లు గీయబడుతుంది. ఆ వేగం మన చెవికి అందేదే. ఎర్ర ప్లగ్గును పసుపు సాకెట్టులో పెట్టినంతనే బొమ్మ ప్రత్యక్షమైనది. తీగలో దోషం లేదు. పేర్లు మాత్రమే తారుమారు.

ఒప్పందమే ప్రధానం

2007లో వచ్చిన ఐపాడ్‌లు చిత్రాన్ని చెవి ఫోను రంధ్రం నుండి తొలగించి, అడుగున ఉన్న 30 సూదుల సంధానానికి మార్చినవి. అంతేగాక తీగలో గుర్తింపు చిప్ ఉంటేనే చిత్రాన్ని పంపేవి. పాత తీగలు చెక్కుచెదరకున్నా పనికిరాకపోయినవి. 1953 నాటి ఇంజనీర్లు పాత సెట్టును కాపాడడానికి పడిన శ్రమకు ఇది విరుద్ధమైన మార్గం.

2002 డిసెంబరులో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణం 19 సూదుల ఒకే సాకెట్టులో చిత్రాన్ని, ధ్వనిని అంకెల రూపంలో పంపే ఏర్పాటు చేసినది. క్రమంగా మూడు రంగుల ప్లగ్గుల స్థానాన్ని అది ఆక్రమించినది. 2022 మే నెలలో ఐపాడ్‌కు కూడ ఆపిల్ స్వస్తి పలికినది.

రాగి తీగ ఎక్కడైనా రాగి తీగయే. దాని ఇరుకొనల నున్న యంత్రాలు ఒకే భాష మాటాడినప్పుడే చిత్రం తెరపై నిలుస్తుంది.