స్మార్ట్ టెలివిజను: ఆపరేటింగ్ సిస్టముల చరిత్ర

1975 ఆగస్టు 1వ తేదీ నుండి ఒక సంవత్సరము పాటు మన దేశములోని ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఆకాశమునుండి టెలివిజను కార్యక్రమములు వచ్చినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడ ఉన్నవి. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము పంపిన సంకేతమును 3 మీటర్ల వెడల్పు గల తీగవల గొడుగు అందుకొనెడిది. పెట్టె దానిని బొమ్మగాను, ధ్వనిగాను మార్చెడిది. ఊరివారు సాయంత్రము పెట్టె ముందు కూర్చుండి వచ్చినదానిని చూచెడివారు. ఆ పెట్టె చేయవలసిన పని అంతవరకే.

నేటి టెలివిజను చేసే పని అది కాదు. అది ఇంటర్నెట్టునుండి తనకు కావలసినదానిని తానే అడిగి తెచ్చుకొంటుంది. చూచువాడు డబ్బు చెల్లించినాడో లేదో విచారిస్తుంది. నోటిమాట విని వెదుకుతుంది. అనగా నేటి టెలివిజను ఒక పెద్ద తెర గల కంప్యూటరు. కంప్యూటరు అన్న తరువాత దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టము ఒకటి ఉండి తీరవలెను. దుకాణమునకు పోయినవాడు తెర వెడల్పును, బొమ్మ కాంతిని కంటితో చూచి పోల్చుకొనగలడు. కాని ఆపరేటింగ్ సిస్టము కంటికి కనబడదు. పెట్టె ఎన్ని సంవత్సరములు ఉపయోగపడునో చాలవరకు నిర్ణయించునది మాత్రము అదియే. దాని చరిత్ర తెలిసినచో ఎంపిక సులభమగును.

ఆపరేటింగ్ సిస్టము అనగానేమి?

పెండ్లి వంటశాలలో పొయ్యిలు, గుండిగలు, సరుకులు ఉన్నంత మాత్రమున విందు సిద్ధము కాదు. ఏ పొయ్యిమీద ఏది ఎక్కవలెనో, ఎవరికి ఎంత సరుకు ఇవ్వవలెనో, ఏది ముందు దించవలెనో చూచే పెద్ద వంటవాడు కావలెను. టెలివిజనులో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి భాగములు, తెర, ఇంటర్నెట్టు సంబంధము అనేవి పొయ్యిలు, సరుకుల వంటివి. వానిని పంచిపెట్టి పని చేయించునది ఆపరేటింగ్ సిస్టము. యూట్యూబు వంటి ఆప్‌లు దాని ఆజ్ఞలకు లోబడి పనిచేయును.

ఇందు ఒక వింత ఉన్నది. టెలివిజనులలో పేరుపొందిన ఆండ్రాయిడ్, టైజెన్, వెబ్‌ఓఎస్ అనే మూడింటికీ అడుగున ఉన్న మూలభాగము ఒక్కటే. 1991లో ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాయ నారంభించిన లినక్సు అనే మూలభాగమే అది. వేరు ఒక్కటే అయినను కొమ్మలు వేరు. మూలభాగము పైన ఆప్‌లకు ఆధారమగు పొరలను ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా కట్టుకొన్నది. టైజెన్, వెబ్‌ఓఎస్‌ల ఆప్‌లు ఎక్కువగా వెబ్ పుటలను వ్రాసే భాషలలోనే వ్రాయబడును. ఆండ్రాయిడ్ ఆప్‌లు ఎక్కువగా జావా, కోట్లిన్ అనే భాషలలో ఉండును. కాబట్టి ఒకదానికై చేసిన ఆప్ మరొకదానిలో నడువదు. టెలివిజనుల పోటీకంతకు ఈ చిన్న విషయమే మూలము.

తొలి ప్రయత్నములు

టెలివిజనుకు ఇంటర్నెట్టును జతచేయవలెనను కోరిక పాతది. 1996లో అమెరికాలో వెబ్‌టీవీ అనే పెట్టె అమ్మకమునకు వచ్చినది. దానిని టెలిఫోను తీగకు, టెలివిజనుకు కలిపినచో ఇంటర్నెట్టు పుటలు తెరపై కనబడెడివి. 1997లో మైక్రోసాఫ్టు ఆ సంస్థను 42.5 కోట్ల డాలర్లకు కొన్నది. కాని నాటి టెలిఫోను తీగలలో కదిలే బొమ్మలు చక్కగా ప్రవహించుటకు వలసిన వేగము లేదు. దగ్గర కూర్చుండి చదువుటకు ఏర్పడిన పుటలను పది అడుగుల దూరమునుండి చదువుట కష్టము. ఆ సేవ తరువాత పేరు మార్చుకొని నడచి, 2013 సెప్టెంబరులో మూతపడినది.

2010లో గూగుల్ సంస్థ మరల ప్రయత్నించినది. గూగుల్ టీవీ అన్న పేరుతో సోనీ టెలివిజనులలోను, లాజిటెక్ వారి రెవ్యూ అనే పెట్టెలోను ఆ సిస్టము వెలువడినది. అప్పటికి ఇంటర్నెట్టు వేగము చాలినది. కాని రెండు ఆటంకములు ఎదురైనవి. వాడుక క్లిష్టముగా ఉండుట ఒకటి. సోనీ రిమోట్‌పై టైపు యంత్రమునకున్నట్లు అక్షరముల మీటలన్నియు ఉండెడివి. అమెరికాలోని పెద్ద ప్రసార సంస్థలు తమ వెబ్ పుటలలోని కార్యక్రమములు ఈ పెట్టెలకు అందకుండ అడ్డగించుట రెండవది. 299 డాలర్లకు వచ్చిన రెవ్యూ ధర 2011లో 99 డాలర్లకు దిగినది. ఆ సంవత్సరమే లాజిటెక్ ఆ వ్యాపారమును వదలుకొన్నది. ఎంత మంచి యంత్రమైనను, చూపదలచిన బొమ్మ యజమాని అంగీకరింపనిచో అది వట్టి అద్దమే అని ఈ అనుభవము తెలిపినది.

ఫోనులో ఓడి టెలివిజనులో గెలిచినవి

వెబ్‌ఓఎస్ పుట్టినది టెలివిజను కొరకు కాదు. అమెరికాలోని పామ్ సంస్థ తన ప్రీ అనే ఫోను కొరకు 2009లో దానిని వెలువరించినది. ఒకేసారి నడుస్తున్న పనులను పేకముక్కలవలె తెరపై పరచి చూపుట దాని ప్రత్యేకత. 2010లో హెచ్‌పి సంస్థ పామ్‌ను 120 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పందము చేసికొన్నది. 2011 జూలైలో టచ్‌పాడ్ అనే పలక వచ్చినది. అమ్మకములు లేక ఆగస్టులోనే, అనగా రెండు నెలలైనను నిండకుండగనే, దానిని విరమించుట జరిగినది. అంతటితో వెబ్‌ఓఎస్ కథ ముగిసినదని పలువురు తలచిరి.

కాని 2013లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జి సంస్థ దానిని హెచ్‌పి నుండి కొన్నది. 2014లో ఎల్‌జి టెలివిజనులలో అది కనబడినప్పుడు పాత పేకముక్కలు తెర అడుగున ఒక వరుసగా నిలిచినవి. పైన నడుస్తున్న బొమ్మ ఆగలేదు. చూచువాడు సినిమాను వదలకనే మరొకదానిని ఎన్నుకొనవచ్చును. ఫోనులో కాలము తీరిన భావన టెలివిజనులో తన చోటు కనుగొన్నది.

టైజెన్ కథయు ఇట్టిదే. నోకియా వారి మీమో, ఇంటెల్ వారి మోబ్లిన్ అనే రెండు సిస్టములు 2010లో కలిసి మీగో అయినవి. మరుసటి సంవత్సరము ఇంటెల్, శాంసంగులు ముందు నిలువగా దాని స్థానమున టైజెన్ ప్రకటింపబడినది. టైజెన్‌తో నడిచే తొలి శాంసంగు ఫోను జడ్1 2015 జనవరిలో విడుదలైన దేశము మన భారతదేశమే. ధర 5,700 రూపాయలు. ఫోనులలో టైజెన్ నిలువలేదు. ఆండ్రాయిడ్‌కు ఉన్నన్ని ఆప్‌లు దానికి లేవు. ఆప్‌లు లేనందున కొనువారు తక్కువ, కొనువారు తక్కువైనందున ఆప్‌లు వ్రాయువారు తక్కువ. టెలివిజనులో ఈ చిక్కు అంతగా లేదు. ఫోనుకు వేల ఆప్‌లు కావలెను. టెలివిజనుకు ఇరువది ముప్పది ముఖ్యమైన ఆప్‌లు ఉన్న చాలును. 2015 నుండి శాంసంగు తన స్మార్ట్ టెలివిజనులకు టైజెన్‌నే వాడినది. తరువాత ఎల్‌జి 2021లోను, శాంసంగు 2022లోను తమ సిస్టములను ఇతర తయారీదారులకును ఇచ్చుటకు ఆరంభించినవి.

ఆండ్రాయిడ్ మార్గము

గూగుల్ తన ఓటమినుండి పాఠము నేర్చినది. 2013లో 35 డాలర్ల క్రోమ్‌కాస్ట్ అనే చిన్న ముక్కను, 2014లో ఆండ్రాయిడ్ టీవీని వెలువరించినది. సొంత సిస్టము కట్టుకొనలేని అనేక తయారీదారులు దీనిని స్వీకరించిరి. 2020లో గూగుల్ టీవీ అన్న పాత పేరు మరల వచ్చినది. కాని ఈసారి అది వేరొక సిస్టము కాదు, ఆండ్రాయిడ్ టీవీపై పరచిన కొత్త ముఖము మాత్రమే. అమెజాన్ 2014లో తెచ్చిన ఫైర్ టీవీయు ఆండ్రాయిడ్‌నుండి చీలిన కొమ్మయే. 2025లో మాత్రము అమెజాన్ వేగా అనే మరియొక సిస్టముతో ఒక ఫైర్ టీవీ కడ్డీని ప్రకటించినది. ఆండ్రాయిడ్ ఆప్‌లను దానికై మరల వ్రాయవలెను.

ఆండ్రాయిడ్ మూలభాగము ఎవరికైనను ఉచితము. గూగుల్ వారి ఆప్‌ల అంగడియగు ప్లే స్టోరు మాత్రము ఒప్పందముపైనే లభించెడిది. ప్లే స్టోరు కోరిన తయారీదారు గూగుల్ ఆప్‌ల మూటనంతయు పెట్టవలెననియు, చీలిన ఆండ్రాయిడ్‌తో వేరొక పరికరము చేయరాదనియు ఆ ఒప్పందములలో ఉన్నట్లు మన దేశపు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు వచ్చినది. కమిషన్ 2021 జూన్‌లో దర్యాప్తునకు ఆదేశించినది. 2025 ఏప్రిల్‌లో వివాదము పరిష్కారమైనది: గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించుటకును, భారతదేశములో ప్లే స్టోరును మూటతో నిమిత్తము లేకుండ విడిగా ఇచ్చుటకును ఒప్పుకొన్నది. దుకాణములో కొనువానికి ఎన్ని రకములు లభించునన్నది ఇట్టి షరతులపైన కూడ ఆధారపడి ఉండును.

అద్దము బాగున్నను పెట్టె ముసలిదగుట

పాత టెలివిజను చెడిపోయినచో బాగుచేయువానిని పిలిచెడివారు. స్మార్ట్ టెలివిజను చెడిపోకుండగనే ముసలిదగును. 2015 ఏప్రిల్‌లో యూట్యూబు తన పాత అనుసంధాన పద్ధతిని మూసివేయగా, 2012కు మునుపటి పలు టెలివిజనులలో ఆ ఆప్ నిలిచిపోయినది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్సు కొన్ని పాత శాంసంగు టెలివిజనులకు అందకుండ పోయినది. పానసోనిక్ సంస్థ 2015లో ఫైర్‌ఫాక్సు ఓఎస్‌తో టెలివిజనులు తెచ్చినది. మరుసటి సంవత్సరమే మొజిల్లా ఆ సిస్టము పనిని విరమించినది. పానసోనిక్ తానే దానిని కొనసాగించవలసి వచ్చినది.

దీనికి మరొక కారణము యంత్రములోనే ఉన్నది. ఇంటర్నెట్టుపై వచ్చే బొమ్మలు బాగుగా కుదించి పంపబడును. కుదించినదానిని విప్పే మార్గము ప్రాసెసరులోనే చెక్కబడి ఉండును. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 అనే పద్ధతులు వచ్చినవి. ఒక్కొక్కటి మునుపటిదానికంటె తక్కువ ఇంటర్నెట్టుతో అదే నాణ్యమును ఇచ్చును. ఏవీ1 పుట్టకముందు తయారైన ప్రాసెసరుకు ఆపరేటింగ్ సిస్టమును ఎంత సవరించినను ఆ విద్య చక్కగా అబ్బదు.

చూచువానిని చూచే పెట్టె

ఇంకొక విషయమును దాచరాదు. తెరపై ఏ బొమ్మ ఆడుచున్నదో గుర్తించి, ఆ సమాచారమును సంస్థకు పంపే ఏర్పాటు పలు టెలివిజనులలో ఉన్నది. అమెరికాలో విజియో సంస్థ 1.1 కోట్ల టెలివిజనుల ద్వారా చూచువారి అనుమతి లేకుండ ఇట్లు సమాచారము సేకరించినదను ఆరోపణపై 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి వివాదమును పరిష్కరించుకొన్నది. పెట్టెను మొదటిసారి నడిపినప్పుడు వచ్చే అంగీకార పుటలను చదువకుండ ఒప్పుకొనుట వలన ఈ ద్వారము తెరుచుకొనును. సెట్టింగులలో దీనిని మూయు వీలు సాధారణముగా ఉండును, వెదకవలెను.

ఎట్లు పోల్చవలెను?

ఈ చరిత్రనుండి కొనువానికి ఉపయోగపడే నాలుగు విషయములు తేలుచున్నవి. మొదటిది, సిస్టము పేరు కంటె ముందు తనకు కావలసిన ఆప్‌ల పట్టిక వ్రాసికొనవలెను. తెలుగు కార్యక్రమముల కొరకు 2020లో వచ్చిన ఆహా వంటివి ఆ పెట్టెలో నడుచునో లేదో దుకాణములోనే నడిపించి చూడవలెను. రెండవది, పెట్టెపై ఆండ్రాయిడ్ అని ఉన్నంత మాత్రమున అది గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ టీవీ కాదు. ఉచిత మూలభాగముతో చేసిన చౌక టెలివిజనులు కొన్ని ఉన్నవి. రక్షణ ధ్రువీకరణ లేని పెట్టెకు నెట్‌ఫ్లిక్సు వంటి సేవలు ఉన్నత నాణ్యముగల బొమ్మను పంపవు. తెర ఎంత గొప్పదైనను ఫలితము లేదు. మూడవది, జ్ఞాపకశక్తి ఎంత ఉన్నదో అడుగవలెను. ఆప్‌లు ఏటేట పెరుగును, పెట్టెలోని జ్ఞాపకశక్తి పెరుగదు.

నాలుగవది, ఎన్ని సంవత్సరములు సవరణలు వచ్చునో తెలిసికొనవలెను. 2024లో ఎల్‌జి తన కొన్ని నమూనాలకు అయిదేండ్లలో నాలుగు కొత్త వెబ్‌ఓఎస్ రూపములను, శాంసంగు తన కొన్ని నమూనాలకు ఏడేండ్ల టైజెన్ సవరణలను వాగ్దానము చేసినవి. కొనబోవు నమూనా ఆ పట్టికలో ఉన్నదా అని చూడవలెను.

తరగతి గదికో, ఇంటికో పది సంవత్సరములకని కొన్న పెట్టెలో తెర పదేండ్లు మన్నవచ్చును; దానిలోని సిస్టము అంతకాలము మన్నకపోవచ్చును. అట్టి దినమున తెరను పారవేయ నక్కరలేదు. పెట్టె వెనుక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రములో ఒక చిన్న కడ్డీని గ్రుచ్చినచో కొత్త సిస్టముతో పాత తెర మరల పనిచేయును. కాబట్టి ఎక్కువ డబ్బు మంచి తెరకు, ఎక్కువ విచారణ ఆపరేటింగ్ సిస్టమునకు వెచ్చించుట వివేకము. 1975లో గ్రామములోని పెట్టె ముందు కూర్చున్నవారికి వచ్చినదానిని చూచుట ఒక్కటే తెలియవలసి ఉండెను. నేడు పెట్టె ముందు కూర్చున్నవానికి అది ఎవరి మాట వినుచున్నదో కూడ తెలిసి ఉండవలెను.