పాత టైరు ఎక్కడికి పోయింది?

మనలో స్టీరింగు పట్టుకుని ఇంటికి డబ్బు పంపుతున్నవారు ఎందరో. అరిగిన టైరును షాపులో వదిలేశాక అది ఏమవుతుందని మనం ఎన్నడూ అడగలేదు.

1946లో తొలి చమురు ఓడ కదలక పూర్వం కువైత్ ముత్యాల వేటతో, పడవ బేరాలతో బతికింది. తాగే నీరు సైతం షత్తుల్ అరబ్ నుంచి పడవల్లో రావలసిందే. అటువంటి చోట పారవేయడానికి మాత్రం ఏముంటుంది? చమురు వచ్చింది, రోడ్లు వచ్చాయి, ఇంటింటికీ కార్లు వచ్చాయి. మన రాయలసీమలో పాత టైరు చెప్పులయ్యేది, పిల్లల ఆటబండి అయ్యేది. ఇక్కడ మాత్రం అర్హియా ఎడారిలో గుట్టలుగా పేరుకుంది. ఆ గుట్టల్లో టైర్లు 4 కోట్లు దాటాయి! 2012లోను, 2020లోను అవి అంటుకున్నాయి. టైరు మంట నీళ్లు చల్లితే ఒక పట్టాన ఆరేది కాదు. ఆ నల్లటి పొగలో విషవాయువులుంటాయి.

2021లో వాటిని సౌదీ సరిహద్దు వైపున్న సాల్మీకి లారీలతో తరలించారు. అక్కడి కర్మాగారంలో ముక్కలు చేసి, నేలపై పరిచే రబ్బరు పలకలుగా మార్చసాగారు. ఖాళీ అయిన అర్హియాలో 25,000 ఇళ్లు కడతామని ప్రకటించారు.