సైనికుని భుజమునకు వెల

మనుష్యదేహమునందలి కీళ్లలో భుజపు కీలంత స్వేచ్ఛగా దిరుగునది మఱియొకటి లేదు. లోతులేని చిన్న గుంటలో దండచేతి యెముక తల ఆనియుండును. కండరములును స్నాయువులును బిగించి పట్టుటచేతనే అది నిలుచుచున్నది. అందుచేత నది యెంత సులభముగా దిరుగునో అంత సులభముగా జెడును. మూపున మోసిన మూట, తుపాకి వెనుకకు దన్నెడి దెబ్బ, గుఱ్ఱముపైనుండి పడుట, వీనిలో నేదైనను చాలును. కొలువు విడిచి యిరువదియేండ్లయిన పిదప ఒకడు వచ్చి, "నా భుజము మీ కొలువులో జెడినది, చేయి పైకి లేవదు" అనినచో ప్రభుత్వము దానిని నమ్ముటెట్లు? నమ్మినచో నెంత యియ్యవలెను? నమ్మకున్నచో నతడు ఎవరితో మొఱపెట్టుకొనవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ప్రశ్నలతో బడిన తంటాల చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని.

1776 జూలైలో స్వాతంత్ర్యమును బ్రకటించి, ఆగష్టులోనే, అవయవము కోల్పోయి బ్రతుకుదెరువు లేనివాడైన సైనికునకు సగము జీత మిచ్చుటకు అచ్చటి కాంగ్రెసు తీర్మానించెను. కాని దేహమునకు వెల కట్టుట యనెడి పని నిజముగా మొదలైనది అంతర్యుద్ధకాలమున. 1862 నాటి చట్టము ప్రకారము, పూర్తిగా నశక్తుడైన సామాన్య సిపాయికి నెలకు 8 డాలరులు. లెఫ్టినెంటు కర్నలునకును అంతకు బైవారికిని 30 డాలరులు. ఒకే విధమైన గుండు ఇరువురి భుజములను జీల్చినను హోదానుబట్టి వెల మాఱెడిది! అశక్తతకు గొలబద్ద కాయకష్టము: కూలిపని చేయగలడా, లేడా?

పిమ్మట అవయవములకు వేర్వేఱు ధర లేర్పడినవి. 1886 నాటి చట్టమున, ఒక హస్తము పోయినవానికి నెలకు 30 డాలరులు, మోచేతికడనో దానికి బైననో చేయి పోయినవానికి 36, భుజపు కీలుకడనే పోయినవానికి 45 అని నిర్ణయించిరి. ఈ తుది యంకెకు గారణము గలదు. భుజముకడనే కోసివేసినచో కృత్రిమమైన చేతిని దగిలించుటకు మొండెమైనను మిగులదు. ఆ దినములలో గుడిచేయి పోయిన సైనికు లెందఱో యుండిరి. 1865లో న్యూయార్కునందు విలియం ఓలండ్ బోర్న్ అను పత్రికాసంపాదకుడు వారికి ఎడమచేతి వ్రాతలో పోటీ పెట్టి బహుమతు లొసగెను. ఆ వ్రాతప్రతులు కాంగ్రెసు గ్రంథాలయమున నిప్పటికిని భద్రముగా నున్నవి.

తెగిపోయిన చేయి కన్నులకు గనబడును. దానికి సాక్ష్యము వలదు. చేయి యుండియు లేవనివాని గతి యేమి? మనలో నొక సామెత యున్నది: గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడవి చూచుకొనెనట. ఈ సైనికుడు నొప్పిచేత భుజము తడవుకొన్నను, కచేరీవారి కంటికి గుమ్మడికాయల దొంగవలెనే కనబడెడివాడు. పింఛనుల కమిషనరు కాదనినచో దేశాంతరంగిక శాఖామంత్రికి విన్నవించుకొనవచ్చును, అంతటితో సరి. న్యాయస్థానము మెట్టు లెక్కుటకు వీలులేదు. వకీలును బెట్టుకొందమనిన, అతని రుసుమును 1864లో 10 డాలరులకు బరిమితము చేసిరి. ఉద్దేశము మంచిదే, కుంటివాని పింఛనును మధ్యవర్తులు మ్రింగకుండవలెనని. నడుమ గొన్ని మార్పులు కలిగినను, ధరలు పెరిగినను, ఆ పది డాలరుల హద్దు 1988 వఱకు బోలేదు. పది డాలరులకు ఏ వకీలు కాగితములు తిరుగవేయును?

మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. 1917 నాటి చట్టము హోదాను విడిచి, సగటు సంపాదనశక్తి యెంత తగ్గినదో నూటికి ఇంత యని లెక్కించు పద్ధతిని దెచ్చెను. నేటి పట్టికకు మూలము 1945లో నేర్పడినది. అందు భుజమునకు గల లెక్క చిత్రమైనది. చేయి భుజమట్టము వఱకే లేచినచో నూటికి 20. ప్రక్కకును భుజమునకును నడిమి వఱకే లేచినచో వాడుకచేతికి 30, రెండవచేతికి 20. ప్రక్కనుండి 25 డిగ్రీలకు మించి లేవకున్నచో వాడుకచేతికి 40, రెండవదానికి 30. భుజమట్టమున నాగినవాడు తల దువ్వుకొనుటకు గష్టపడును, అటకమీది బిందె దింపలేడు. ఆ యిరువది యతనికి వర్తించును. వైద్యుడు కోణమానితో గొలుచును, గుమాస్తా పట్టిక చూచును. ఇందు నొప్పికి జోటేది?

1933లో అప్పీలుల బోర్డు వెలసినది. దాని తీర్పే తుదితీర్పు. ఏబదియైదేండ్లు అట్లే నడచినది. ప్రభుత్వము తన యిచ్చిన దానమును దానే విచారించుకొనవలెననియు, జడ్జీల కందు జోక్యము కూడదనియు నందఱి వాదము. సైనికుడు దేహము నర్పించి పొందినదానిని దాన మనుట నాకు సమ్మతము కాదు. తుదకు 1988 నవంబరులో నూతన చట్టము కుదిరి, ప్రత్యేక న్యాయస్థాన మేర్పడినది. 1990లో నది, సాక్ష్యము ఇరువైపుల సమముగా నున్నచో సందేహఫలము సైనికునికే చెందవలెనను పాత నియమమును స్పష్టపఱచినది.

1995లో ఆ న్యాయస్థానము ముందునకు ఒక యెడమభుజము వచ్చినది. వైద్యుడు చేయి యెంతవఱకు లేచునో చూచెను గాని, నొప్పివలన బని యెంత తగ్గునో చెప్పలేదు. విచిత్రమేమనగా, వాడినపుడు బాధించు నవయవమును మిక్కిలి చెడినదానిగా నెంచవలెనని నిబంధనలలో ముందే వ్రాసియున్నది, చదువువారు లేరు! న్యాయస్థానము బోర్డు తీర్పును రద్దుచేసి తిరుగబంపుచు, మాటిమాటికి వాడినపుడును, నొప్పి ముదిరినపుడును కదలిక యింకను నెంత తగ్గునో, సాధ్యమైనంతవఱకు డిగ్రీలలో వైద్యుడు చెప్పవలెనని శాసించెను. నాటినుండి మోకాలి వ్యాజ్యములందును, నడుము వ్యాజ్యములందును ఈ భుజమునే యుదాహరించుచున్నారు.

అట్లని న్యాయస్థానములు అడిగినదెల్ల నిచ్చినవి కావు. చేయి ముందునకు లేవమికి నొకటి, ప్రక్కకు లేవమికి నొకటి, వేర్వేఱు శాతములు గావలెనని యొకడు వాదింపగా, ఒక భుజమునకు ఆ పట్టికక్రింద నొకటే యని 2013లో పై న్యాయస్థానము త్రోసివేసినది. ఆ న్యాయము నాకు సబబుగానే తోచుచున్నది. మఱి 2017లో నొక మంచి తీర్పు వెలువడినది. పరీక్షదినమున నొప్పి తక్కువగా నున్నదని వైద్యుడు చేతులు దులుపుకొనరాదు. అది యెప్పుడు ముదురును, ఎంతసేపుండును, అప్పుడేమి చేయలేకపోవుదువు అని సైనికుని నడిగి, దానినిబట్టి యంచనా చెప్పవలెను.

2019 ఫిబ్రవరి 19 నుండి అప్పీలునకు మూడు దారు లేర్పడినవి: క్రొత్త సాక్ష్యముతో మరల నర్జీ పెట్టుకొనుట, పాత సాక్ష్యమునే పై యధికారిచే జూపించుకొనుట, బోర్డునకు బోవుట. ఏ దారి పట్టినను, మొదటి యర్జీ తేదీనుండి రావలసిన సొమ్ము పోకుండవలెననిన, నిర్ణయపు కాగితము వచ్చిన యేడాదిలోగా గదలవలెను. కొలువులో నున్నపుడు సైన్యవైద్యుడు వ్రాసిన యొక చిన్న చీటీ, "కుడిభుజము నొప్పి, మూడుదినములు విశ్రాంతి" అని, దొరకినచో, ముప్పదియేండ్ల పిదప నదియే పెద్ద సాక్ష్యము.