అప్పూ, చెరసాలా, రశీదూ



చర్ల ప్రాంతంలో భద్రాద్రి రాముణ్ణి ఎరుగని ఇల్లు లేదు. ఆ గుడి కట్టించిన కంచర్ల గోపన్న కథ కూడా మీకు తెలిసినదే. ఆయన 17వ శతాబ్దంలో, గోల్కొండ ఏలుబడిలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని తానీషా ఆయనను ఖైదు చేయించాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని చెబుతారు. బాకీ తీరితేగాని తలుపు తెరవలేదు. ప్రభువు సొమ్ముకు లెక్క అడిగారు, సరే. మరి రైతు దగ్గర హెచ్చుగా గుంజుకున్నవాణ్ణి లెక్క అడిగేదెవరు? ఈనాటి మన ముచ్చట ఇదే.

1860లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు నిజాం చేతినుంచి ఇంగ్లీషువారికి పోయాయి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. మన్యానికి పల్లపు వ్యాపారి వచ్చాడు, అతని వెనకే కోర్టు డిక్రీ వచ్చింది. సరుకు అరువిచ్చి కాగితం రాయించుకునేవాడు. కొండ రైతుకు చదువు రాదు. కోర్టు ఎక్కడో దూరాన ఉంది. వాయిదాకు పోకపోతే ఏకపక్షంగా డిక్రీ అయ్యేది. 5 రూపాయల బాకీకి 100 రూపాయల విలువైన గొడ్లనూ, పంటనూ తోలుకుపోవడం కద్దని ఆనాటి సర్కారు రాతల్లోనే ఉంది. కల్లు పన్నుతోపాటు ఈ కడుపుమంట కూడా 1879 రంప పితూరీకి కారణమైంది. ఆ ఏడే అది రేకపల్లికీ పాకింది.

ఆ తరువాత 1917లో ఏజెన్సీకి ఒక చట్టం చేశారు. కొండజాతివారి అప్పుమీద వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలు దాటరాదు. చక్రవడ్డీ చెల్లదు. వడ్డీ మొత్తం అసలును మించరాదు. ఏజెంటు అనుమతి లేనిదే వారి భూమి ఇతరులకు పోరాదు. మంచి మాటలే! కాని కాగితంమీది చట్టం గూడేనికి చేరాలంటే, చదివి చెప్పేవాడొకడు ఉండాలి గదా!

గోడలు లేని చెరసాల ఇంకొకటి ఉంది. అప్పు తీరేదాకా షావుకారు ఇంట తండ్రి, అతని తరువాత కొడుకు చాకిరీ చేయడం. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పుల్ని రద్దు చేసింది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. వెట్టి చేయించుకుంటే మూడేళ్ల దాకా జైలు. చూశారా, అంతవరకు బాకీదారు వైపే చూసిన జైలు తలుపు ఇటు తిరిగింది!

1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో మరో మాట తేల్చింది. తీర్చే శక్తి లేని బీదవాణ్ణి బాకీ తీర్చలేదన్న ఒక్క కారణంతో జైలుకు పంపరాదు. చేతిలో సొమ్ముండీ దురుద్దేశంతో ఎగవేసేవాడి సంగతి వేరు.

కనుక రైతు సోదరులారా! కోర్టు కాగితం వస్తే చూరులో దోపి ఊరుకోకండి. ఆ రోజే చదివించుకోండి, వాయిదాకు వెళ్లండి. రాయని కాగితంమీద వేలిముద్ర వేయకండి. విస్తరణాధికారులారా! విత్తనం సంగతి చెప్పినప్పుడే వడ్డీ లెక్క కూడా కట్టి చూపండి.

గోపన్న బాకీని సాక్షాత్తు రామలక్ష్మణులే వచ్చి చెల్లించారని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆ కథలో కూడా తానీషా చేత రశీదు రాయించుకున్నాకనే వారు కదిలారు. దేవుడే రశీదు అడిగాడు. మనం అడగడానికి మొగమాటమెందుకు?