ఎజుర్వేదం: పేరు ఒక దిక్కు, పాత్రలు మరో దిక్కు

ఎర్రగుంట్ల వైపు మాటల్లో యముడు ‘ఎముడు’, యజమాని ‘ఎజమాని’. పదం మొదటి యకారం వాడుకలో ఎకారమైపోతుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి పుస్తకమొకటి ఎక్కడ పుట్టిందో వెతికేవారికి ఈ సంగతి అక్కరకొస్తుంది.

ఆ పుస్తకం ‘ఎజూర్ వేదం’. మొదావ్ అనే ఫ్రెంచి అధికారి 1760లో దాని రాతప్రతిని ఫ్రెంచి రచయిత వోల్టేరుకిచ్చాడు. ఆయన దాన్ని ప్రాచీన హిందూ గ్రంథమని నమ్మి, మరుసటి ఏడు పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి అందించాడు. 1778లో స్విట్జర్లాండులో అచ్చయింది. చదివితే వేదం వాసనే ఉండదు. వ్యాసుడు పురాణ కథలు చెబుతుంటే సుమంతుడు ఖండించి ఏకేశ్వరుణ్ణి నిలబెడతాడు. మన సంప్రదాయంలో సుమంతుడు వ్యాసుడి శిష్యుడు. ఇక్కడ గురువుకే పాఠం! క్రైస్తవ బోధకు నేల చదునుచేసే రచన ఇదని పండితుల అభిప్రాయం.

రాసిందెవరు? బందరులోని ఒక మిషనరీ అని 1782లో ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా రాశాడు. ద్రావిడ భాషలు వేరు కుటుంబమని చూపిన ఎల్లిస్ పుదుచ్చేరిలో రాతప్రతులు పరిశీలించాడు. ఆయన చనిపోయాక 1822లో అచ్చయిన వ్యాసం, సంస్కృత మూలాన్ని మధురై జెసూట్ మిషనరీ నోబిలికి అంటగట్టింది. తెలుగు నేల మీద తిరిగిన జెసూట్ కాల్మెట్ పేరూ వినబడింది. 1730లలో పారిస్‌కు వేద ప్రతులు పంపినవాడాయన. అయితే వేదం సంపాదించినవాడే దొంగవేదం రాశాడనడానికి అది చాలదు.

పేర్లనే అడిగి చూద్దాం. బెంగాలీ నోట యజుర్ ‘జొజుర్’ అవుతుంది, ‘ఎజూర్’ కాదు. తమిళంలో ‘ఎసుర్’ ఉంది, మన వాడుక పద్ధతీ అటే పోతుంది. కాబట్టి పేరు దక్షిణాదిదని అనిపిస్తుంది. లోపల మాత్రం వ్యాసుడు ‘బియాష్’, సుమంతుడు ‘షుమొంతు’. వకారం బకారమై, అకారం ఒకారమై, సకారం షకారమై పలకడం బెంగాలీ అలవాటు. దక్షిణాదిలో పేరు పెట్టి బెంగాలులో రాశారా, బెంగాలులో రాసినదానికి దక్షిణాదిలో పేరు తగిలించారా? రెండోదే నాకు కొంత నమ్మదగినదిగా తోస్తుంది. పేరు మార్చడం తేలిక, పుస్తకమంతటా పాత్రల ఉచ్చారణ మార్చడం కష్టం. అసలు మూలమే ఫ్రెంచి అని 1984లో సంస్కృత పండితుడు లూడో రోషే వాదించాడు. అదే నిజమైతే నోబిలి వాదం నిలవదు.

ఇక బందరు మాట. దానికి దన్ను సొన్నెరా వాక్యం ఒక్కటే. ఆ మిషనరీ పేరు ఆయన రాయలేదు.